ఇంటి దగ్గరే 14 అడుగుల ఫైబర్ పడవ కడుతున్నా, ఎపాక్సీ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

లంకరైతు_కొడుకు | ఫిబ్రవరి 4

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, గౌతమి పాయ పక్కన ఊరు. అవతల లంకలో మాకు ఎకరంన్నర అరటి, దొండ ఉన్నాయి. నాన్న రోజూ పొద్దున్నే చెక్క నావ మీద వెళ్ళి సాయంత్రం వస్తారు. ఆ నావ నాకంటే వయసులో పెద్దది. ఏటా గుగ్గిలం కాచి అతుకులు పూడుస్తూ నెట్టుకొచ్చాం గానీ ఈ ఏడు అడుగు చెక్కే మెత్తబడింది, వడ్రంగి చూసి ఇక లాభం లేదన్నాడు. కొత్త ఫైబర్ బోటు కొనే స్తోమత ఇప్పుడు లేదు. ప్లైవుడ్ పలకలు కోసి, రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు రెసిన్), గ్లాస్ క్లాత్ (గాజు పోగులతో నేసిన గుడ్డ) వేసి కట్టే పద్ధతి ఒకటి ఉందని చదివాను. పొడవు 14 అడుగులు, అడుగు వెడల్పు 3 అడుగులు, ఇద్దరు మనుషులు, ఒక 100 కిలోల బరువు మొయ్యాలి. నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను, చేతిపని వచ్చు, కానీ రెసిన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. నాన్న ఎక్కే పడవ కాబట్టి తప్పు చెయ్యకూడదని ముందే అడుగుతున్నా.

ఫైబర్_మేస్త్రి | ఫిబ్రవరి 4

తమ్ముడూ, విశాఖలో 19 ఏళ్ళుగా ఫైబర్ పని చేస్తున్నా, బోట్లు, ట్యాంకులు అన్నీ. మేము వాడేది పాలిస్టర్ రెసిన్, మ్యాట్ (నెయ్యకుండా పరిచి అతికించిన గాజు పోగుల పరుపు). ఎపాక్సీ ధరలో సగం కూడా ఉండదు, అరగంటలో గట్టిపడుతుంది. అయితే మేము అచ్చులో పోస్తాం, అచ్చు ఉంటేనే ఆ పని గిట్టుబాటు. ఒక్క పడవ కోసం నువ్వు అచ్చు చేస్తే అచ్చుకయ్యే ఖర్చు, కష్టం పడవకంటే ఎక్కువవుతాయి. కాబట్టి నీ ప్లైవుడ్ ఆలోచన తప్పు కాదు. దాని మీద పాలిస్టర్ వేసినా నడుస్తుందని నా అభిప్రాయం.

బేసిటీ_తెలుగు | ఫిబ్రవరి 5

ఇక్కడ నేను మేస్త్రి గారితో విభేదిస్తాను. పాలిస్టర్ ఫైబర్‌ని బాగా పట్టుకుంటుంది, చెక్కని మాత్రం అంత గట్టిగా పట్టుకోదు. చెక్క తేమకి ఉబ్బి, ఎండకి కుంచించుకున్న ప్రతిసారీ ఆ పట్టు కొంచెం కొంచెం వదులుతుంది, తర్వాత లోపలికి నీళ్ళు దిగి కనపడకుండా కుళ్ళబెడతాయి. ఎపాక్సీ చెక్క లోపలి పీచులోకి ఇంకి జిగురులా పట్టేస్తుంది. నేను ఉండేది మిషిగన్‌లోని బే సిటీకి దగ్గర్లో. చెక్కకి ఎపాక్సీ పట్టించి పడవలు కట్టే పద్ధతిని జనంలోకి తెచ్చిన గూజన్ అన్నదమ్ముల కంపెనీ 1969లో ఈ ఊళ్ళోనే మొదలైంది. నేను మా గరాజ్‌లో రెండు చిన్న పడవలు కట్టాను, మొదటిదానికి 11 ఏళ్ళు, ఇంకా నీళ్ళలోనే ఉంది.

ఫైబర్_మేస్త్రి | ఫిబ్రవరి 5

బ్రిటన్‌లో 1960ల్లో మిర్రర్ డింగీ అని ఒక పడవ వచ్చింది, 10 అడుగుల 10 అంగుళాలు, రాగి తీగతో కుట్టి టేపు వేసేదే. జాక్ హోల్ట్, బారీ బక్నెల్ అనే ఇద్దరు తయారుచేశారు, ఒక దినపత్రిక తన పేరు మీద ప్రచారం చేసింది, అలా 70 వేలకు పైగా కట్టారు. మొదట్లో వాటికి వాడింది పాలిస్టరే. అందుకే నడుస్తుంది అన్నాను.

బేసిటీ_తెలుగు | ఫిబ్రవరి 5

నిజమే, కాదనను. కానీ అవి వాడనప్పుడు ఒడ్డుకి లాగి, షెడ్డులో ఆరబెట్టుకునే సరదా పడవలు. వీళ్ళ నాన్నగారి పడవ సంవత్సరమంతా రేవులో నీళ్ళ మీదే ఉంటుంది. రెండిటికీ తేడా ఉంది.

ఉప్పాడ_అల | ఫిబ్రవరి 6

తీగతో కుట్టడం అంటే కొత్త పద్ధతి అనుకుంటున్నారు గానీ మన తీరంలో ఒకప్పుడు చాలా పడవలు కుట్టినవే. మా తాత కాలంలో కుట్టు పడవ అంటే పలకలకి బెజ్జాలు పెట్టి, అతుకు మీద పీచు పరిచి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేవాళ్ళు. మేకు అనేదే ఉండదు. అల కొట్టినప్పుడు మేకు కొట్టిన పడవ విరుగుతుంది, కుట్టు పడవ వంగి లేస్తుంది. తర్వాత తెప్పలు కూడా పోయి 2004 సునామీ తర్వాత మా దగ్గర అంతా ఫైబరే అయింది. నీ పడవలో తీగ కొన్నాళ్ళే ఉంటుంది, అతుకు గట్టిపడ్డాక తీసేస్తావు. కానీ కుట్టు సరిగ్గా లేకపోతే పడవ వంకర తిరుగుతుంది, తర్వాత ఏ రెసినూ దాన్ని సరిచెయ్యదు. కుట్టాక అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా మధ్యలో దారం కట్టి చూడు, రెండు పక్కలా కొలత ఒకటే రావాలి. ఒక్క రెసిన్ చుక్క కూడా దానికి ముందు కలపకు.

కెమిస్ట్రీ_టీచర్ | ఫిబ్రవరి 6

బాబూ, ముందు లెక్క చూద్దాం. అడుగు వెడల్పు 3 అడుగులంటే 90 సెంటీమీటర్లు. రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి నీళ్ళని తాకే వైశాల్యం రమారమి 2.3 చదరపు మీటర్లు అనుకో. అంటే ఒక సెంటీమీటరు మునిగితే 23 లీటర్ల నీళ్ళు పక్కకి జరుగుతాయి, 23 కిలోలు మోస్తుంది. పడవ 45, ఇద్దరు మనుషులు 140, సరుకు 100, మొత్తం 285 కిలోలు. పన్నెండున్నర సెంటీమీటర్లు మునుగుతుంది. పక్క పలక ఎత్తు 40 సెంటీమీటర్లు పెట్టుకుంటే నీటి పైన 27 మిగులుతుంది. పాయలో ప్రయాణానికి ఇది సరిపోతుంది. కానీ నాన్నగారు ఒక రోజు 200 కిలోలు వేస్తారు, అది ఎలాగూ జరుగుతుంది. అప్పుడూ 23 దాకా మిగలాలి, మిగులుతుంది. ఇంకా తక్కువ ఎత్తు పెట్టొద్దు.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అదే మెరైన్ గ్రేడ్. దాని పరీక్షలో ముక్కని 72 గంటలు మరిగిస్తారు. ఐఎస్ 303 అని ఉండేది వంటింటి అల్మరాలకి, దానిలో మెరుగైన రకానికి కూడా పరీక్ష 8 గంటలే. ముద్రని నమ్మేసి ఊరుకోకుండా చిన్న ముక్క కోసి నీళ్ళలో మరిగించి చూడు. నేను కుక్కర్‌లో పెట్టి చూస్తాను, పొరలు విడిపోయే సరుకైతే అక్కడే తెలిసిపోతుంది.

లంకరైతు_కొడుకు | ఫిబ్రవరి 9

టీచర్ గారూ చాలా థాంక్సండీ, ఈ లెక్క ఎవరూ ఇలా చెప్పలేదు. మరిగించి చూశాను. మొదటి షాపు ముక్క ఐదు గంటలకే పొరలు విడిపోయింది, దాని మీద ముద్ర కూడా ఉంది. రెండో షాపుది రోజంతా మరిగినా గట్టిగానే ఉంది, అదే 6 ఎంఎం మూడు షీట్లు తెచ్చాను. రాగి తీగ నా దగ్గరే 18 గేజ్‌ది బోలెడు ఉంది. ఎపాక్సీ విశాఖలో అరాల్డైట్ ఎల్‌వై 556 రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనర్ హెచ్‌వై 951 దొరుకుతున్నాయి. సరిపోతాయా? మేస్త్రి గారూ, మీ దగ్గర దొరికే మ్యాట్‌నే వాడొచ్చా?

ఫైబర్_మేస్త్రి | ఫిబ్రవరి 9

మ్యాట్ వద్దు తమ్ముడూ, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తున్నా. మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే బైండర్ పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ మెత్తబడదు, మూలల్లో లేచి నిలబడుతుంది. నేసిన గ్లాస్ క్లాత్ 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) తీసుకో, అతుకులకి దాన్నే ఏటవాలుగా 3 అంగుళాల పట్టీలు కత్తిరించు, వంపుల్లో ముడత పడకుండా కూర్చుంటాయి.

ఇంకో మాట, ఇక్కడ పాలిస్టర్ పని చేసే కుర్రాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. పాలిస్టర్‌ని గట్టిపరచడానికి వేసే కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ నేరుగా కలపొద్దు. పేలుతుంది. ముందు రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిపాకే క్యాటలిస్ట్ పొయ్యాలి.

బేసిటీ_తెలుగు | ఫిబ్రవరి 10

ఆ రెసిన్ కొంచెం చిక్కన, చెక్కలోకి నెమ్మదిగా ఇంకుతుంది. డబ్బాని కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెడితే పలచబడుతుంది, పనికొస్తుంది. థిన్నర్ పోసి పలచన చెయ్యకు. ఒక చిన్న కిటుకు: చెక్కకి మొదటి కోటింగ్ ఎప్పుడూ సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు వెయ్యి. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్క రంధ్రాల్లో గాలి వ్యాకోచించి రెసిన్‌లోంచి బుడగలు బుడగలుగా బయటికొస్తుంది. సాయంత్రమైతే చెక్క చల్లబడుతూ రెసిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది.

8 అడుగుల షీటుకి 14 అడుగుల పలక రాదు కాబట్టి అతకాలి. ఏటవాలు అతుకైతే మందానికి 8 రెట్లు, అంటే 48 ఎంఎం ఏటవాలు చిత్రిక పట్టాలి.

లంకరైతు_కొడుకు | మార్చి 2

పలకలు కోసి కుట్టేశాను. అంచుకి 10 ఎంఎం లోపల బెజ్జాలు, 15 సెంటీమీటర్లకి ఒకటి. దారం కడితే అణియం దగ్గర ఒక పక్క 14 ఎంఎం తేడా వచ్చింది. నాలుగు కుట్లు విప్పి మళ్ళీ బిగిస్తే 2 ఎంఎంకి వచ్చింది. ఉప్పాడ అన్నా, నువ్వు చెప్పకపోతే చూసేవాణ్ణే కాదు. అమ్మ వచ్చి చూసి పడవ ఆకారం వచ్చేసిందిరా అంది, ఆ మాటకే చాలా సంతోషం వేసింది.

ఉప్పాడ_అల | మార్చి 2

2 ఎంఎం చాలు. ఇప్పుడు లోపలి మూలల్లో తీగకీ తీగకీ మధ్య మాత్రం పూడ్చు. గట్టిపడ్డాక తీగలు తీసి అప్పుడు మూల మొత్తం నింపు. రెసిన్‌లో చెక్కపొడి, సిలికా పొడి కలుపు. ఇడ్లీ పిండిలా ఉంటే జారిపోతుంది, గారెల పిండిలా గరిటెకి నిలబడాలి. ప్లాస్టిక్ డబ్బా మూతని గుండ్రంగా కత్తిరించి దాంతో లాగు, నున్నగా వస్తుంది. తీగ రాకపోతే దాని కొసని వేడి చెయ్యి, చుట్టూ రెసిన్ మెత్తబడి ఊడి వస్తుంది.

లంకరైతు_కొడుకు | మార్చి 9

పెద్ద ఇబ్బంది వచ్చింది. లోపలి అడుగుకి క్లాత్ వేసి నాలుగు రోజులైంది, ఇంకా గోరు దిగుతోంది. ఎండ తగిలితే ఇంకా మెత్తబడుతోంది. రెండు మూడు చోట్ల వేలికి అంటుకుంటోంది కూడా. 100కి 10 అని డబ్బా మీద రాసినట్టే సిరంజితో కొలిచి పోశాను, 100 ఎంఎల్‌కి 10 ఎంఎల్. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. పైన ఇంకో కోటింగ్ వేస్తే కింది పొర కూడా గట్టిపడుతుందా? నాన్నకి ఇంకా చెప్పలేదు.

కెమిస్ట్రీ_టీచర్ | మార్చి 9

బాబూ, టెన్షన్ పడకు, తప్పెక్కడో నీ మాటలోనే ఉంది. డబ్బా మీద ఉన్న 100కి 10 బరువు లెక్క, ఎంఎల్ లెక్క కాదు. రెసిన్ బరువెక్కువ, 100 ఎంఎల్ తూస్తే దాదాపు 117 గ్రాములు. దానికి హార్డనర్ 11.7 గ్రాములు పడాలి. హార్డనర్ నీటికంటే కాస్త తేలిక, నువ్వు పోసిన 10 ఎంఎల్ 9.8 గ్రాములే. అంటే పడాల్సినదానిలో ఆరో వంతు తక్కువ పడింది.

ఎపాక్సీ పాలిస్టర్ లాంటిది కాదు. పాలిస్టర్‌లో క్యాటలిస్ట్ చర్యని మొదలుపెడుతుంది అంతే, ఒక శాతమైనా రెండు శాతమైనా ఆలస్యమో తొందరో అవుతుంది గానీ చివరికి గట్టిపడుతుంది. ఎపాక్సీలో హార్డనర్ ఆ గట్టి పదార్థంలో భాగమైపోతుంది. ప్రతి రెసిన్ అణువుకీ దాని జత కావాలి. జత దొరకని రెసిన్ అలాగే మెత్తగా మిగిలిపోతుంది, నెల ఆగినా, ఎన్ని ఎండల్లో పెట్టినా మారదు. తొందరగా గట్టిపడాలని హార్డనర్ ఎక్కువ పోసినా ఇదే గతి, ఈసారి హార్డనర్ మిగిలిపోతుంది. పైన కోటింగ్ వేస్తే కింద మెత్తటి పొర అలాగే ఉండి పైది ఊడి వస్తుంది.

వేలికి అంటుకుంటున్న చోట్లకి కారణం వేరు. అది కలపడంలో లోపం. కప్పు గోడకీ అడుగుకీ అంటుకున్న రెసిన్ కలవదు, చివర్లో కప్పు గీకి పోస్తే ఆ కలవనిదంతా ఒకే చోట పడుతుంది. రెండు నిమిషాలు గోడలు గీకుతూ కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి వంపి మళ్ళీ ఒక నిమిషం కలుపు.

ఉప్పాడ_అల | మార్చి 9

తీసెయ్యి తమ్ముడూ. మనసు ఒప్పదు గానీ తీసెయ్యి. మెత్తగా ఉండటం ఒకందుకు మంచిదే, హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే క్లాత్ మొత్తం దుప్పటిలా లేచి వస్తుంది. మిగిలింది స్క్రేపర్‌తో గీకి, అసిటోన్‌తో తుడిచి, 60 నంబరు శాండ్ పేపర్ కొట్టు. ఒక రోజు పని. పూర్తిగా గట్టిపడి ఉంటే వారం పట్టేది. మూలల్లో పూడ్చింది కూడా అదే కొలతయితే అదీ తియ్యాలి.

లంకరైతు_కొడుకు | మార్చి 10

మూలలు వేరే రోజు వేశాను, కొట్టు దగ్గర బంగారం తూచే చిన్న కాటా అడిగి తెచ్చుకుని తూచి వేశాను, అవి రాయిలా ఉన్నాయి. క్లాత్ వేసిన రోజు కాటా లేక సిరంజి వాడాను. నాన్నకి చెప్పాను. ఏమీ అనలేదు, పొద్దున్నే లేచి నాతో పాటు గీకడానికి కూర్చున్నారు.

బేసిటీ_తెలుగు | మార్చి 10

మీ నాన్నగారికి నా నమస్కారాలు. కాటా ఒకటి సొంతంగా కొనుక్కో, మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన పనిముట్టు అదే. నేను వాడే రెసిన్‌లో పంపులు వస్తాయి, దానికి 5కి 1, ఘనపరిమాణం లెక్క. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క కాబట్టి ఒకరి కొలత ఇంకొకరు వాడకూడదు. కలిపిన ప్రతిసారీ కప్పులో కొంచెం మిగిల్చి తేదీ రాసి పక్కన పెట్టు. పడవ మీద గోరు గుచ్చే పని లేకుండా ఆ కప్పే చెప్తుంది.

ఫైబర్_మేస్త్రి | మార్చి 11

గ్లవ్స్ వేసుకుంటున్నావా? గీకేటప్పుడూ రుద్దేటప్పుడూ కూడా వేసుకోవాలి, మాస్క్ కూడా. మా దగ్గర ఎపాక్సీ పని తక్కువే అయినా ఆరేళ్ళు ఏమీ కాలేదు కదా అని వట్టి చేతులతో చేశాను. ఏడో ఏడు మణికట్ల మీద దద్దుర్లు మొదలయ్యాయి. ఇప్పుడు డబ్బా మూత తీస్తే చాలు కళ్ళు వాస్తాయి. ఒకసారి వస్తే ఇక పోదు. చేతికి అంటితే థిన్నర్‌తో కడగొద్దు, అది చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకెళ్తుంది. సబ్బు, నీళ్ళు చాలు. మీ నాన్నగారికి కూడా తొడుగు.

లంకరైతు_కొడుకు | ఏప్రిల్ 18

లోపలి పని అయిపోయింది, బోర్లించి బయటి క్లాత్ వేస్తున్నా. నిన్న మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉంది, 400 గ్రాములు కలిపాను, ఏడెనిమిది నిమిషాల్లో కప్పు పొగలు కక్కింది, చేత్తో పట్టుకోలేకపోయాను. ఇసుకలో పెట్టేశాను.

బేసిటీ_తెలుగు | ఏప్రిల్ 18

ఇసుకలో పెట్టి మంచి పని చేశావు, గడ్డి మీద పారేస్తే అంటుకునేది. గట్టిపడేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది, కప్పులో ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోదు, వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. 10 డిగ్రీలు పెరిగితే నీకు దొరికే టైము సగమవుతుంది అనుకో. 150 గ్రాములు మించి కలపకు, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచెయ్యి. మాకు చలికాలంలో దీనికి పూర్తిగా తిరగబడ్డ కష్టం, గరాజ్‌లో హీటర్ పెడితే తప్ప మూడు రోజులైనా గట్టిపడదు.

కెమిస్ట్రీ_టీచర్ | ఏప్రిల్ 19

ఉక్కపోత రోజుల్లో ఆరిన రెసిన్ మీద జిడ్డుగా మైనంలా పొర వస్తుంది. హార్డనర్ గాలిలో తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే వచ్చేది అది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో మంచినీళ్ళు పోసి కడిగి, తుడిచి, ఆ తర్వాతే పేపర్ కొట్టు. కడక్కుండా కొడితే ఆ జిడ్డుని లోపలికి రుద్దినట్టే, తర్వాతి కోటింగ్ పట్టదు.

ఉప్పాడ_అల | ఏప్రిల్ 21

పైన పెయింట్ లేకుండా వదలొద్దు, ఎండకి ఎపాక్సీ పసుపెక్కి సుద్దలా రాలుతుంది. టూ ప్యాక్ (రెండు డబ్బాలవి కలిపి వేసే) పాలీయురెథేన్ పెయింట్ వెయ్యి. తెలుపో, లేత రంగో. ముదురు నీలం అందంగా ఉంటుంది గానీ మే ఎండలో చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, ఎపాక్సీ ఆ వేడికి మెత్తబడుతుంది. అణియంలో, అమరంలో గాలి గదులు మూసి కట్టావా?

లంకరైతు_కొడుకు | ఏప్రిల్ 21

కట్టాను అన్నా, రెండూ కలిపి 110 లీటర్లు. పక్క అంచులకి టేకు వేశాను, టేకులో నూనె ఉంటుందని వడ్రంగి చెప్తే అతికించే ముందు అసిటోన్‌తో తుడిచాను. చిన్న మోటారు పెట్టాలని కూడా ఉంది.

బేసిటీ_తెలుగు | ఏప్రిల్ 22

మోటారు పెడితే ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్ సంగతి ముందే కనుక్కుని మొదలుపెట్టు. తెడ్డు, గడతోనే నడిపినా లైఫ్ జాకెట్లు రెండు మాత్రం పడవతో పాటే కొను.

లంకరైతు_కొడుకు | మే 27

నిన్న పొద్దున నీళ్ళలో దింపాం. కాటా మీద 47 కిలోలు వచ్చింది, రెసిన్ మొత్తం 9 కిలోలు పట్టింది, తీసి పారేసింది కాక. టీచర్ గారూ, మీరు చెప్పిన లెక్క పట్టుకుని పక్కన సెంటీమీటర్ల గీతలు గీశాను. నేనూ నాన్నా ఎక్కి నాలుగు ఇసుక బస్తాలు వేసుకుంటే 13 దగ్గర ఆగింది. గంట సేపు లోపల తడుముతూ కూర్చున్నాను, ఒక్క చుక్క లేదు. ముందు రేవులోనే బోర్లా తిప్పి చూశాం, గాలి గదుల మీద తేలింది, ఇద్దరం పట్టుకుని వేలాడినా మునగలేదు. సాయంత్రం నాన్న ఒక్కరే అవతలికి వెళ్ళి ఎనిమిది అరటి గెలలు వేసుకొచ్చారు. పాత నావలో అయితే మధ్యలో రెండుసార్లు నీళ్ళు తోడేవారు. ఈసారి తోడే డబ్బా పొడిగానే వెనక్కి వచ్చింది.

ఒక్కటే అడగాలి. లంక ఒడ్డున ఇసుక మీదికి లాగేటప్పుడు అడుగున గీతలు పడ్డాయి, ఒకచోట పెయింట్ పోయి క్లాత్ నేత కనిపిస్తోంది.

ఉప్పాడ_అల | మే 27

చాలా సంతోషం తమ్ముడూ, మా ఇంట్లో కూడా ఫొటోలు చూపించాను. నేత కనిపించిన చోట ఒక రోజు బాగా ఆరనిచ్చి, పేపర్ కొట్టి, రెసిన్ రెండు పూతలు వెయ్యి, నీళ్ళు లోపలికి దిగకముందే. తర్వాత అడుగున పొడుగ్గా రెండు చెక్క పట్టీలు, అంగుళం మందం, అతికించి వాటి మీద రెండు పొరల క్లాత్ వెయ్యి. లాగినప్పుడు అరిగేది ఆ పట్టీలే, మూడు నాలుగేళ్ళకోసారి అవి మార్చుకుంటే అడుగు తగలదు. వరద రాకముందే చేసెయ్యి, జూలై దాటితే నీకు ఆరబెట్టడానికి ఎండ దొరకదు.

లంకరైతు_కొడుకు | మే 28

పట్టీలకి టేకు ముక్కలు మిగిలే ఉన్నాయి అన్నా. ఆదివారం నాన్న లంకకి వెళ్ళరు, ఆ రోజు బోర్లిస్తాను.